దేవాంగపిల్లి కళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు కాఫీ వచ్చేది, ఆ వెనకే మా చెల్లెలి బొమ్మలు వచ్చేవి. చెల్లెలంటే చిన్నాన్న కూతురు, నాకన్నా ఏడాది చిన్నది. తిరువళ్ళూరు బజారులో మాది బట్టల అంగడి, అందరిదీ ఒకే ఇల్లు. చెల్లెలు ఒక గీత గీస్తే చాలు, ఇల్లంతా మురిసిపోయేది. నేనూ వేసేదాన్ని. నా బొమ్మలు చూసి "బాగానే ఉంది" అని పక్కన పెట్టేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

మా ఇద్దరికీ బొమ్మలు నేర్పింది పక్కింటి అక్క. బడిలో డ్రాయింగ్ టీచరు. ఆ ఏడు ఆడికృత్తిక తిరునాళ్ళకు తిరుత్తణి కొండ కింద ఒక చిన్న దుకాణం పెడతానంది. అంతరించిపోతున్న జంతువుల బొమ్మలు మేం వేయాలి, ఆమె అమ్ముతుంది. వచ్చిన డబ్బు దేవాంగపిల్లులకు. పేరుకే పిల్లులు, పెద్ద గుండ్రటి కళ్ళతో రాత్రిళ్ళు చెట్ల మీద తిరిగే చిన్న జీవాలు అవి. తాయెత్తులు కట్టేవాళ్ళు వాటిని బొచ్చుకోసం, ఎముకలకోసం పట్టుకుని చంపేవారు. ప్రాణాలతో దొరికినవాటిని ఆమెకు తెలిసిన ఫారెస్టాయన సాకి, మళ్ళీ కొండల్లో వదిలేవాడు.

చెల్లెలు కృష్ణజింకను తీసుకుంది. మెలికలు తిరిగిన కొమ్ములు, నల్లటి నిగనిగ, ఆ నడుము వంపు! నాకు మిగిలింది దేవాంగపిల్లి. పిడికెడు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, తోక కూడా లేదు. అందం కూడా చెల్లెలికే రాసిపెట్టారా అని కుళ్ళిపోయాను. నా బొమ్మలో ఒళ్ళంతా అయిపోయినా కళ్ళు మాత్రం కుదరలేదు. ఎన్నిసార్లు వేసినా చచ్చిన చేప కళ్ళలా వచ్చేవి. కుంచె పక్కన పడేసి చెల్లెలి జింకనే చూస్తూ కూర్చున్నాను. ఆ బొమ్మ మీద రంగునీళ్ళు ఒలికితే బాగుండునని కూడా అనిపించింది.

అక్క నన్ను గమనించింది. "ఏమ్మే, దాన్ని అట్లా మింగేసేలా చూస్తా ఉండావే? ఆ చూపు పోకముందే అద్దం కాడికి పో. ఆ కండ్లే నీ పిల్లికి పెట్టు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వెళ్ళాను. అద్దంలో గుండ్రంగా, ఎర్రగా, రెప్ప వేయని రెండు కళ్ళు. అవే వేశాను.

పండగనాడు తెల్లవారుజాము రైలుకే తిరుత్తణి చేరాం. పూలకావళ్ళతో, హరోహర కేకలతో దారంతా నిండిపోయింది. బొమ్మలు పరిచామో లేదో జింకను ఎవరో కొని ఎగరేసుకుపోయారు. చెల్లెలు గంతులు వేసింది. నా కడుపు భగ్గుమంది. ఎండ నెత్తికెక్కినా నా బొమ్మ అక్కడే ఉంది. చూసినవాళ్ళు ఉలిక్కిపడి నవ్వి పోతున్నారు. ఒక్కరంటే ఒక్కరు కొంటే చాలని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను.

అప్పుడొచ్చాడు మా బజారులోనే నాటుమందుల అంగడి పెట్టుకున్న పెద్దమనిషి. కొత్త గుండు, దాని నిండా గంధం. బొమ్మ ముందు నిలబడిపోయాడు. "అబ్బా, ఏం కండ్లు పాప్పా! ఇట్లాంటి దిష్టిబొమ్మను నేను యాడా చూడలా. నా అంగడికి కట్టుకుంటా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అది దిష్టిబొమ్మ కాదని చెప్పబోతుంటే అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఇది మన కొండల్లో తిరిగే దేవాంగపిల్లి అన్నా. దానికి కీడు జరగనంతకాలం నీ అంగడిని ఏ కన్నూ తాకదు" అంది చల్లగా. ఆయన బొమ్మను కళ్ళకద్దుకుని తీసుకుపోయాడు. నా బొమ్మను గుమ్మానికి వేలాడదీసే గుమ్మడికాయతో జమకట్టిందని అక్క మీద అలిగి, రైల్లో ఇంటిదాకా మాట్లాడలేదు.

కొన్నాళ్ళకు అమ్మ శొంఠి తెమ్మని ఆ అంగడికి పంపింది. గుమ్మం మీద నా బొమ్మ, కింద కర్పూరం మసి. ఎవరో ఊరాయన దేవాంగపిల్లి తాయెత్తు అడుగుతున్నాడు. అంతకుముందు అది ఆ అంగడిలో దొరికేదని బజారంతటికీ తెలుసు. మందులాయన లేచి నిలబడి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "అది నా వాకిలి కాస్తా ఉంటే, దాన్నే చంపి నీకు కట్టేదా? పోవయ్యా!" అని కసిరాడు. శొంఠి మాట మరిచి ఇంటికి పరుగెత్తాను. అక్కకు చెబితే నవ్వుతూ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

చెల్లెలి జింక ఎవరింట్లో ఉందో మాకు ఎప్పటికీ తెలియలేదు. నా పిల్లి మాత్రం రంగు వెలిసిపోయేదాకా బజారునంతా చూస్తూనే ఉంది. ఈసారి చెల్లెలు నన్ను చూసి కుళ్ళుకుంది, నాకు పండగైంది.

ఇద్దరికీ జుట్టు నెరిసింది. అది ఇప్పటికీ నాకన్నా బాగా వేస్తుంది. కొత్త బొమ్మ చూపించినప్పుడల్లా నా కడుపులో అదే మంట, ఏమీ తగ్గలేదు. బాగుందని దాని భుజం తట్టి, ఆ మంట ఆరకముందే అద్దం ముందుకు వెళ్తాను. నా బొమ్మలో ఏ జంతువో కళ్ళకోసం కాచుకుని ఉంటుంది.