మందు పెట్టిన చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతో చాలా పోగొట్టుకున్నాను గానీ, ఇన్నేళ్లయినా మింగుడుపడనిది ఒక వంటమనిషికి నేను చేసిన అన్యాయం.

డెబ్బైల చివర్లో మా కంపెనీ క్యాంపు ఒమన్‌లో, మస్కట్ పక్కన ఘాలాలో ఉండేది. నాలుగు రేకుల రూములు, వాటి వెనక వంటశాల, మొత్తం నలభై మందిమి. నేను బస్సు నడిపేవాణ్ణి. అందర్నీ సైట్లలో దింపి సాయంత్రం తీసుకొచ్చేవాణ్ణి. దాదాపు అందరం కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లమే. వంటమనిషి ఒక్కడే గోదావరి జిల్లా క్రైస్తవుడు. భార్య మస్కట్ ఆసుపత్రిలో నర్సు. "అండి" అనకుండా అతని నోట మాట ముగిసేది కాదు.

ఎక్కడినుంచి వచ్చిందో ఒక కుక్కపిల్ల నా బస్సు నీడలో చేరింది. నాలుగు మెతుకులు వేశాను, ఇక నన్ను వదల్లేదు. పేరేమీ పెట్టలేదు. మా వైపు పిలిచినట్టు "దా" అంటే పరుగెత్తుకొచ్చేది. వంటమనిషి "రా, రా" అని పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు. మీ కుక్కకి మా తెలుగు రాదండీ అని నవ్వేవాడు. అది వంటశాలలోకి దూరితే మాత్రం గరిటె పట్టుకుని వెంటపడేవాడు, ఏదో ఒకరోజు దీని పని పడతానంటూ. నవ్వుతూ అన్న మాటే. తర్వాత నాకు ఆ నవ్వు గుర్తు రాలేదు, మాటొక్కటే గుర్తొచ్చింది.

చలి మొదలయ్యాక పిల్ల వణుకుతోందని, మస్కట్‌లోనే దార్సైట్ అనేచోట మా సైట్ దగ్గరున్న వాచ్‌మన్‌ని అడిగి ఒక గోనెసంచి తెచ్చాను. అతను పెంచుతున్న కుక్కపిల్లలు వారం కిందట వరసగా చచ్చిపోయాయట. అవి పడుకున్న సంచే, ఇక నాకెందుకని ఇచ్చేశాడు. పాపం అనుకున్నాను. బాగా దులిపి, ఒక పూట ఎండలో ఆరేసి, నా పిల్లకు పరిచాను. ఎండ తగిలితే ఏ గుడ్డయినా శుభ్రమైపోతుందని మా ఇంట్లో నమ్మకం.

వారం తిరక్కుండానే పిల్ల తిండి మానేసింది. తాగిన నీళ్లు తాగినట్టే కక్కేది. మర్నాటికి నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. ఫినాయిలు పోసి కడిగినా ఆ వాసన పోలేదు. డ్యూటీకి పోక తప్పదు, పోయాను. మూడోరోజు సాయంత్రం వచ్చేసరికి వంటశాల గోడ పక్కన కాళ్లు చాపి పడి ఉంది. "దా" అన్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ కదల్లేదు.

పక్కనే గిన్నెలో కాస్త పెరుగన్నం ఉంది. దాని మీద తెల్లటి పొడి.

వంటమనిషిని బయటికి పిలిచాను. "ఇండ్ల ఏం కలిపినవ్?" అన్నాను.

"మందు పెట్టానండి. నేనే పెట్టాను" అన్నాడు.

అన్నంలో మందు పెట్టడమంటే మా ఊళ్లో ఒకటే అర్థం, గిట్టనివాళ్లకు విషం కలపడం. ఇంకో మాట అడక్కుండా చెంప మీద కొట్టాను. అతను చెంప పట్టుకుని "మందేనండీ, మందు" అంటూనే ఉన్నాడు. అన్నకొద్దీ నాకది నేరం ఒప్పుకుంటున్నట్టే వినబడింది. రూముల్లోంచి అందరూ బయటికొచ్చారు. కుక్కకు పెట్టినోడు రేపు మనకు పెట్టడా అన్నాను. వంటచేసేవాడి గురించి అనకూడని మాట అది. ఆ పూట ఒక్కరూ పళ్లెం ముట్టలేదు. రెండోరోజే కంపెనీ అతన్ని దూరాన సూర్‌లో ఉన్న క్యాంపుకు పంపేసింది. నా బస్సులో ఎక్కించుకోనన్నాను. సామాన్ల లారీలో పోయాడు.

కొత్త వంటమనిషి వంటశాల గోడలోని గూడు సర్దుతుంటే ఒక కాగితం పొట్లం దొరికింది. లోపల నాలుగు బిళ్లలు. పైన ఆడవాళ్ల చేతిరాత: "విరేచనాలకు. కుక్కపిల్లకి పావు బిళ్ల, పొడి చేసి పెరుగన్నంలో." పొట్లం జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడ్డానని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడది పిరికితనమే.

మరుసటేడు మా ఇంజనీరు కుక్కకూ అవే వాంతులు, అదే నెత్తురు. పికప్‌లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మలయాళీ, హిందీలో ఓపిగ్గా చెప్పాడు. ఇది కొత్త రోగమట, మొన్నమొన్నటిదాకా ఎవరూ ఎరగరట. పేగుల లోపలి పొరను తినేస్తుంది, చిన్నపిల్లలైతే రెండుమూడు రోజుల్లోనే పోతాయి. దాన్ని చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి ప్రాణం నిలబెట్టాలి, నిలబడితే నిలబడుతుంది. ఆ పురుగు నేలకు, చెప్పులకు, పాత గుడ్డలకు అంటుకుని నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిలుకు చావదు, బ్లీచింగ్ పౌడరు కావాలి. రోగంతో చచ్చిన కుక్క పడకను ఇంకో కుక్కకు వేయకూడదు అన్నాడు. నాకు ఆ గోనెసంచి కళ్లముందు ఆడింది. పిల్లను చంపింది నేనే.

కొన్నాళ్లకు సూర్‌కు డ్యూటీ పడింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ పోయాను. అతను కాంట్రాక్టు ముగిసి ఊరికి వెళ్లిపోయి పదిహేను రోజులైందట. అక్కడి నిజామాబాద్ మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి పళ్లెం పెట్టాడు. పాత వంటమనిషి ఎట్లాంటోడని అడిగాను.

"మంచోడే. ఒక్కటే అలవాటుండె. దినాం మా అందరి ముంగట తను ఒక ముద్ద తిన్నంకనే మాకు వడ్డిస్తుండె. ఎందుకని అడిగితే చెప్పకపోతుండె."

పొట్లం నా జేబులోనే ఉంది. అన్నం కలిపాను గానీ నోట్లో పెట్టుకోలేకపోయాను. ఎందుకు తినలేదో నేనూ వాళ్లకు చెప్పలేదు.