తిమ్మరాజు బిగించని నట్టు

తిమ్మరాజుకు లోకంలో ఒక్కటే పడదు. వదులుగా ఉన్న వస్తువు. తలుపు గొళ్లెం కానీ, మంచం కోడు కానీ, ఎవరి కళ్లద్దాల పుల్ల కానీ, ముందు పట్టుకుని ఊపి చూస్తాడు. "లూజుండాది" అంటాడు. జేబులోంచి పానా తీస్తాడు. పెనుకొండలో అతని చేతికి అందేంత దూరంలో కూర్చున్నవాళ్లు పళ్లు కదులుతున్నా బయటికి చెప్పేవాళ్లు కాదు.

బెంగళూరు రోడ్డు మీద అతని మెకానిక్ షెడ్డు, దాని పక్కనే నా ఉగ్గాని బజ్జీల అంగడి. నా పేరు హనుమమ్మ. నాలుగో తరగతి దాకా చదివాను. నాకు అది చాలింది, అంతకన్నా ఎక్కువ చదివినవాళ్లకే చాలలేదు. ఇది రాస్తున్న బల్ల ఊగుతుంది కాబట్టి అక్షరాలు వంకర పోతే పోతాయి. ఆ బల్ల జోలికి మాత్రం ఎవరూ రావద్దు.

తిమ్మరాజు ఒక తగాదా గెలవడం నేను కళ్లారా చూశాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండలు మండుతున్న రోజులు. ధర్మవరం పట్టుచీరల సావుకారు లక్ష్మీకాంత్ బెంగళూరు వేలంపాటలో ఒక పడవ కొన్నాడు. తెడ్లు వేసే పడవ కాదు. ఎర్రగా, ముక్కు పొడుగ్గా, లారీ ఇంజన్ కన్నా పెద్ద ఇంజన్‌ను కడుపులో పెట్టుకుని గంటకు నూరు కిలోమీటర్లు నీళ్ల మీద పరిగెత్తే పడవ. ధర్మవరం చెరువు నిండితే అందులో జనాన్ని తిప్పుతానన్నాడు. అప్పటికి ఆ చెరువులో గొర్రెలు మేస్తున్నాయి.

ఇంజన్ చూడమని దాన్ని లారీ మీద తెచ్చి షెడ్డులో దింపించాడు. తిమ్మరాజు ఇంజన్ వైపు చూడనే లేదు. పడవెక్కి స్టీరింగ్ పట్టుకుని ఊపాడు.

"లూజుండాది సావుకారీ."

"కంపెనీవాడు పెట్టిన స్టీరింగప్పా అది! ఫారిన్‌ది. నీ ట్రాక్టర్ అనుకుంటివా?"

"ఫారిన్‌దైతే లూజుండదా? లోపలుండేది తీగ. అది అరిగిపోయింది. దీన్ని పీకేసి బయట హైడ్రాలిక్ పెట్టల్ల."

"చెరువులో నీళ్లే లేవు, దీనికి హైడ్రాలిక్కంట!"

"నీళ్లు లేవనే ఇప్పుడు చేసేది. నీళ్లొచ్చినాక చేద్దామంటే నువ్వుండవు."

లక్ష్మీకాంత్ కండువా విదిలించి నా వైపు తిరిగాడు. "చూడు హనుమమ్మా, నేను చస్తానంటాండాడు!"

"నీళ్లొచ్చినాక అన్నాడు గదా సావుకారీ. ఈ కరువు చూస్తే నీకు నూరేళ్లు" అన్నాను.

తిమ్మరాజు నవ్వలేదు. "అక్కా, టీ ఒకటి తే. గ్లాసు అంచు దాకా పొయ్యి" అన్నాడు. ఆ పడవ వెనకాల, బయటి పక్క, కాలు మాదిరి ఒకటి వేలాడుతుంది. దాని అడుగున ఫ్యాను. ముందు స్టీరింగ్ తిప్పితే వెనకాల ఆ కాలు తిరగాలి, పడవ ఆ వైపు పోవాలి. గ్లాసును ఆ కాలి మీద పెట్టాడు.

"ఇప్పుడు తిప్పు."

లక్ష్మీకాంత్ తిప్పాడు. చక్రం నాలుగు వేళ్ల మేర తిరిగింది. టీ మీద మీగడ కూడా కదల్లేదు.

"నీళ్లల్లో గట్టు చూసి తిప్పినావనుకో. ఈ నాలుగు వేళ్లూ తిరిగే లోపల గట్టే నీ కాడికొస్తాది."

సావుకారు గ్లాసు అందుకున్నాడు. ఆ టీ తనే తాగేసి, "ఏమన్నా చేసుకోప్పా" అని బస్సెక్కాడు.

పని మొదలైంది. జేసీబీ చేతికి ఉంటాయే, అట్లాంటి సిలిండర్లే చిన్నవి రెండు, పడవ బయట ఆ కాలికి అటొకటి ఇటొకటి. స్టీరింగ్ కింద పంపు. మధ్యలో నూనె పైపులు. ముందు చక్రం తిప్పితే నూనె పోయి వెనకాల కాలిని నెడుతుంది. సిలిండర్లకు పిన్నులు చేయించడానికి హిందూపురం లేతు షాపుకు పోయాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. చేసిన పిన్ను ప్రతిసారీ ఇతనికి వెంట్రుకవాసి వదులు. నాలుగోసారి పోతూ బస్సు సోమందేపల్లిలో ఆగితే, ముందుకు పోయి డ్రైవరు చేతిలోని స్టీరింగే పట్టుకుని ఊపాడు.

"ఏమప్పా, ఎవురు నువ్వు?" అన్నాడు డ్రైవరు.

"లూజుండాది. దిగు, చూస్తా."

బస్సు గంట లేటు. జనం తిట్టిన తిట్లు తిమ్మరాజు వచ్చి చెబితే, వాటిలో సగం నాక్కూడా కొత్తవే.

సిలిండర్లు వచ్చాయని సావుకారుకు చెప్పడానికి ధర్మవరం పోయి అక్కడా ఊరుకోలేదు. లక్ష్మీకాంత్‌కు చీరలు నేసే జయరాముడి ఇంట్లో మగ్గం పట్టుకుని ఊపాడు. "ముట్టుకోవద్దప్పా, అదట్లనే ఉండల్ల!" అని జయరాముడు అరిచేలోపలే బిగించేశాడు. పట్టుపోగులు పటపటా తెగిపోయాయి. చేసిన తప్పుకు రెండు రోజులు అక్కడే కూర్చుని పోగులు అతికాడట. అతికిన ప్రతి పోగూ గట్టిగా ఉందో లేదోనని గుంజి చూశాడట. మూడో రోజు జయరాముడే దండం పెట్టి బస్సెక్కించాడు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి, ఇష్టం లేకపోయినా. మా ఆయన మారెప్ప పోయి అప్పటికి ఏడాది. పిల్లలు లేరు. పొద్దున పదికంతా బజ్జీలు అయిపోతే ఆ తరువాత నాతో మాట్లాడేది నూనె బాణలి ఒక్కటే, అదీ చల్లారేదాకా. పిలిచేవాళ్లు లేక కాదు. "రా హనుమక్కా, కొంచెం సేపు కూర్చుందువు" అని పిలిచినవాళ్లను "ఏం పని?" అని అడిగేదాన్ని. "ఊరికే" అంటే పోయేదాన్ని కాదు. పని లేకుండా ఒకరి గడప తొక్కితే జాలిపడి పిలిస్తే వచ్చిందనుకుంటారని నా భయం. పిలిచి పిలిచి మానుకున్నారు. మానుకున్నందుకు వాళ్లను మళ్లీ తిట్టుకున్నాను.

సిలిండర్లు బిగించిన రోజు సాయంత్రం తిమ్మరాజు నా అంగడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, పనొకటి పడింది. నూనె పైపుల్లో గాలుండాది. దాన్ని తీయల్లంటే ఇద్దరుండల్ల. ఒకరు ముందర స్టీరింగ్ తిప్పల్ల, ఒకరు వెనకాల నట్టు వదలల్ల. నాకుండేది రెండు చేతులే గదా."

"ఎంత సేపు?"

"పది నిమిషాలు."

నాలుగు నెలలు పట్టింది.

రోజూ నాలుగు గంటలకు నిచ్చెన వేసుకుని పడవెక్కి, కుచ్చిళ్లు దోపుకుని తోలు సీట్లో కూర్చునేదాన్ని. చుట్టూ ఎండిన నేల, మధ్యలో ఎర్ర పడవ, అందులో ముసలమ్మ స్టీరింగ్ తిప్పుతూ ఉంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఊరుకుంటారా?

"యాడికి పోతాండావవ్వా?"

"మీ అత్తగారింటికి. ఎక్కుతావా?"

వెనకాల నట్టు దగ్గర లోపలిది కనిపించే సన్న పైపు, దాని కింద సీసా. "ఎడమకు తిప్పక్కా... ఇంకా... ఆపు. కుడికి" అనేవాడు. పైపులో నూనెతోపాటు బుడగలు వచ్చేవి. తిప్పుతూ నేను మాట్లాడేదాన్ని. మారెప్ప బజ్జీలు దొంగతనంగా తినేసి పిల్లి మీదికి నెట్టడం, మారెప్ప గురక, మారెప్ప చివరి రోజుల్లో నా చేతి ఉగ్గాని వద్దని ఆసుపత్రి బ్రెడ్డు అడగడం. ఏడాదిగా ఎవరికీ చెప్పనివన్నీ ఆ చక్రానికి చెప్పాను. వెనకాల నుంచి తిమ్మరాజు "ఊ" కొట్టేవాడు. అతనికీ ఇంట్లో ఎవరూ లేరు. పెళ్లిచూపులకు పోయి పిల్ల కూర్చున్న కుర్చీ లూజుగా ఉందని ఆమెను లేపి బిగించాడంటే, ఎందుకు లేరో అడగాల్సిన పని లేకపోయింది.

పొద్దు వాలేసరికి అదే మాట. "ఇంకా గాలుండాదక్కా. రేపు రా."

"నువ్వు మెకానిక్‌వా, బుడగలమ్ముకునేవాడివా?" అని తిట్టి దిగేదాన్ని. మరునాడు మూడున్నరకే తల దువ్వుకుని కూర్చునేదాన్ని.

దసరా పోయాక వానలు పట్టుకున్నాయి. చెరువు నిండింది. లక్ష్మీకాంత్ లారీ తెచ్చాడు. పడవతోపాటు నేనూ ధర్మవరం పోయాను, కానీ భయంతోనే. ముందు రోజు సాయంత్రం కూడా బుడగలు వచ్చాయి మరి.

చెరువు గట్టు మీద జనం. కొత్త పట్టుపంచె కట్టి, టెంకాయ కొట్టి, సావుకారు నిచ్చెన మీద కాలు పెట్టాడు. నేను పోయి అడ్డం నిలబడ్డాను.

"ఎక్కొద్దు సావుకారీ. గాలుండాది."

"ఏం గాలమ్మా?"

"స్టీరింగ్ నూనెలో. నాలుగు నెలలుగా తీస్తాండాం. నిన్న గూడా వచ్చె. నువ్వు పోయి గట్టుకు కొట్టుకుంటే కేసు ఈయప్ప మీదికొస్తాది. నేనొప్పుకోను."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. లక్ష్మీకాంత్ కాలు కింద పెట్టాడు. "ఏమప్పా తిమ్మరాజూ! నాలుగు నెలలూ గాలి తీసేదేనా నువ్వు చేసింది? చేత కాకుంటే కాదని చెప్పల్ల. ఇప్పుడే బెంగళూరుకు పంపిస్తా. మూడూర్లలో నీకెవురు పనిస్తారో చూస్తా."

ఎవరితోనైనా వాదించే తిమ్మరాజు తల దించుకుని పానా తిప్పుకుంటూ నిలబడ్డాడు. నా నోరు నేనే నొక్కుకోవాలనిపించింది. మనిషిని కాపాడబోయి అతని అన్నమే తీసేస్తున్నానేమో.

చివరికి నెమ్మదిగా అన్నాడు. "టీ ఒకటి తెప్పించు సావుకారీ. అంచు దాకా."

గ్లాసు వచ్చింది. పడవ వెనకాల కాలి మీద పెట్టి పక్కనే నిలబడ్డాడు. లక్ష్మీకాంత్ ఎక్కి చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పాడో లేదో, టీ మొత్తం తిమ్మరాజు చొక్కా మీద పడింది. జనం ఈలలు వేశారు. పడవ నీళ్లలోకి దిగింది.

అది ఉరుముకుంటూ పోతుంటే నేను తిమ్మరాజు వైపు తిరిగాను.

"గాలి ఎప్పుడు పోయింది?"

"మూడో దినానికే పోయిందక్కా."

"మరి బుడగలు?"

"నువ్వొచ్చే ముందర నట్టు రవ్వంత వదులు చేసి గాలి లోపలికి పోనిస్తాంటి, సాయంత్రానికి నీతోనే తీయిస్తాంటి."

"వదులు చేసింది నువ్వా?"

"చెయ్యి వణికేదక్కా, రోజూ."

"ఎందుకురా?"

"ఊరికే రమ్మంటే వచ్చేదానివా?"

తిట్టాను. నాలుగు నెలలు నా రెక్కలు విరగ్గొట్టావన్నాను, జనంలో నన్ను పిచ్చిదాన్ని చేశావన్నాను. తిట్లు ఆపితే ఇంకేదో బయటికొచ్చేట్టుంది, అందుకని చాలా సేపు తిట్టాను. ఇంతలో పడవ గట్టుకు దారం పట్టినట్టు తిన్నగా వచ్చి ఆగింది. "ఒంటి చేత్తో తిప్పితినప్పా!" అని అరిచాడు లక్ష్మీకాంత్. రెండో చేత్తో పట్టుపంచె పట్టుకుని ఉన్నాడు.

మరునాడు మూడున్నరకు అలవాటుగా తల దువ్వుకున్నాను. షెడ్డులో పడవ ఉన్నచోట నూనె మరక ఒక్కటే ఉంది. అటు చూడకుండా అంగట్లో కూర్చున్నాను. నాలుగు గంటలకు తిమ్మరాజు వచ్చి ఇనుప కాళ్ల బల్ల మీద కూర్చున్నాడు. బల్ల ఊగింది. అతని చేయి దానంతట అదే కిందికి పోయి కాలు పట్టుకుని ఊపింది.

"లూజుండాది."

పానా తీశాడు. నట్టుకు తగిలించాడు. అట్లాగే ఆగిపోయాడు. కాసేపటికి పానా తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"రేపొచ్చి చూస్తాలే. టీ పొయ్యి" అన్నాడు. గ్లాసు అందుకుంటూ ఇంకో మాట అడిగాడు.

"అక్కా, ఈ బల్లను మాత్రం ఇంకెవురితోనూ బిగించుకోవద్దు."