కోట గోడ మీంచి చూసిన వరద

మా చిన్నప్పుడు ఒకసారి ఎర్రకాలువ ఇసుకలో మా ఎడ్లబండి ఆగింది... పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. నాకు ఏడేళ్ళుంటాయేమో. (నేను చెబుతుంటే మా మనవరాలు ఫోనులో రాస్తోంది.)

ఉంగుటూరు నుంచి మెట్టలో ఉన్న అమ్మమ్మగారి ఊరికి వెళ్తున్నాం. పేరుకి కాలువే గాని అదొక వాగు, ఆ వేళ పిక్కల లోతు నీళ్ళు. ఎడ్లు అలుపు తీర్చుకుంటాయని బండి తోలే సూరయ్య వాటిని విప్పి చక్రానికి కట్టాడు.

ఒడ్డునే గుట్ట, దాని మీద పాడుబడ్డ కోట. రెడ్డిరాజులదని కొందరు, గజపతులదని కొందరు అనేవారు. మా నాన్నగారు మిషన్ బడిలో మాస్టారు... అలాంటివి చూపించకపోతే ఆయనకి తోచదు.

"రా అమ్మాయ్, రాజులెక్కడ నిలబడేవారో చూద్దువుగాని" అని చెయ్యి పట్టుకుని ఎక్కించారు. అమ్మ చంటి తమ్ముడితో బండి నీడలోనే ఉండిపోయింది.

పైన కూలిన బురుజు, సీతాఫలం పొదలు, రాళ్ళ సందుల్లో తొండలు... గోడ మీంచి చూస్తే అమ్మ బొమ్మంత కనిపించింది.

ముందు నాన్నగారే చూశారు. ఎగువన వంపు దగ్గర ఎర్రటి నీళ్ళు, గోడలా... మా దగ్గర చినుకు లేదు. పై అడవుల్లో ఎక్కడో కురిసి ఉంటుంది.

"రత్నం! ఒడ్డెక్కు! ఒడ్డెక్కవే!" అని అమ్మని కేకేశారు.

ఎదురుగాలి. కండువా తీసి ఊపారు. నేనూ రెండు చేతులూ ఊపాను. అమ్మ తలెత్తి చూసింది... తమ్ముడి చెయ్యి పట్టుకుని మాకేసి ఊపించింది.

నాన్నగారు కిందికి పరుగెత్తారు. నేను గోడ మీంచే చూస్తున్నాను. హోరు విని సూరయ్య లేచాడు. తమ్ముణ్ణి ఎత్తుకున్న అమ్మని రెక్క పట్టుకుని అవతలి ఒడ్డుకి ఈడ్చి, మళ్ళీ ఎడ్ల కోసం దిగాడు. ఒకదాన్ని విప్పగలిగాడు. రెండోది బండితో పాటే పోయింది...

సాయంత్రం నీరు తీసేదాకా ఈ ఒడ్డున మేము, ఆ ఒడ్డున వాళ్ళు.

"పలుపు ముడి రాలేదండి మేస్టారూ... నాకేసే చూసిందండి" అని సూరయ్య ఏడ్చాడు. నాన్నగారు ఓదార్చబోయారు. అరిచి అరిచి గొంతు పోయింది, మాట రాలేదు.

ఈమధ్య మనవడు కారులో అటు తీసుకెళ్ళాడు. కోట రాళ్ళు సగం ఎవరో పట్టుకుపోయారు. మిగిలిన గోడ మీద పిల్లలు నిలబడి, ఏ దేశంలోనో ఉన్నవాళ్ళతో ఫోనులో కబుర్లాడుతున్నారు... ఆ రోజు మా నాన్నగారి కేక గుట్ట కూడా దిగలేదండీ.

కళ్ళెదుటే జరుగుతుంటే ఏమీ చెయ్యలేకపోయిన రోజు మీకూ ఉందా? ఉంటే రాయండి... మనవరాలి చేత చదివించుకుని వింటాను.