మస్కట్ నుంచి మూడున్నర గంటలు

మెదక్ బస్టాండు ఎదుట విమాన టికెట్లు అమ్మే జహంగీర్ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. అయినా ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో అడిగితే కళ్లు మూసుకుని, బొటనవేలితో వేళ్ల కణుపులు ఎంచుకుని చెప్పేస్తాడు. అతను చెప్పిన గంటను బట్టే ఇళ్లలో పొయ్యి మీద ఎసరు పెడతారు. ఆ రోజు ఎలిశిబా కూతురు నిస్సిని ఇంట్లో ఉంచి దుకాణానికి వచ్చింది. ఆమె భర్త లాజరు మన టైము ప్రకారం పొద్దున పదింటికి మస్కట్‌లో విమానం ఎక్కాడు. "రెండువేల కిలోమీటర్లు, మూడున్నర గంటలు బిడ్డా. ఒకటిన్నరకు హైదరాబాద్‌ల దిగుతడు," అన్నాడు జహంగీర్.

పదకొండింటికే ఆమె ఫోను మోగింది. "దిగిన. ఇంటికొస్తున్న," అన్నాడు లాజరు. జహంగీర్ కంప్యూటర్‌లో చూశాడు. విమానం ఇంకా సముద్రం మీదే ఉంది. "అది దిగేదాక ఈడనే కూసో బిడ్డా," అన్నాడు. ఒంటిగంటా యాభైకి ఫోను మళ్లీ మోగింది. "దిగిన. ఇంటికొస్తున్న." అదే గొంతు, అవే మాటలు.

"పదకొండుకు గూడ ఫోన్ చేసినవ్ గదా?" అంది ఎలిశిబా.

"నేనెట్ల చేస్త? గప్పుడు గాల్లున్న. ఫోన్ బంద్ పెట్టిన."

ఆమె జహంగీర్ వైపు తిరిగింది. "మరి ముందుగాల దిగినాయన ఎవరు భాయ్?"

ఎయిర్‌పోర్టు నుంచి మెదక్‌కు కారులో మూడు గంటలు. పదకొండింటికి దిగిన మనిషి రెండింటికి ఇల్లు చేరాలి. జహంగీర్ గోడ గడియారం చూశాడు. రెండు కావస్తోంది. "నువ్వు జల్ది ఇంటికి పో బిడ్డా," అన్నాడు.

ఆమె మెట్లు దిగుతుండగానే నిస్సి ఫోను చేసింది. "మమ్మీ, డాడీ వచ్చిండు. నువ్వెప్పుడొస్తవని అడుగుతుండు."