తిన్నని బాబాయి, జీపు కాయిలు

జీపుల షెడ్డు నడిపే ఆయన్ని వీధి వీధంతా తిన్నని బాబాయి అంటుంది. ఎవరింటికి వెళ్లినా గోడమీది పటం వంకర సరిచేశాకే కుర్చీలో కూర్చుంటాడు. ఒకసారి పరామర్శకు వెళ్లి, ఏడ్చేవాళ్ల మధ్యలోంచి లేచి, ఒరిగిన క్యాలెండరు సర్ది, తిరిగొచ్చి మళ్లీ ముఖం వేలాడేసుకున్నాడు. షెడ్డులో పానాలన్నీ గోడకు గీసిన గీత వెంబడే వేలాడాలి. ఒక్కటి పక్కకు జరిగినా ఆయనకు ముద్ద దిగదు.

అలాంటి మనిషిని ఊరి నర్సమ్మ పాత జీపు నెలరోజులుగా మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

ఆ జీపంటే ఆయనకు ప్రాణం. ముప్పై ఏళ్ల కిందట తుప్పు కుప్పలా వచ్చినదాన్ని బోల్టు బోల్టూ విప్పి నిలబెట్టింది ఆయనే. నర్సమ్మ దాంట్లోనే మందులపెట్టె వేసుకుని గుట్టమీది ఇళ్లకు తిరుగుతుంది. ఇప్పుడేమో అరగంట బుద్ధిగా నడిచి, ఎత్తులో ఆగిపోతోంది. ఇంజను చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతోంది.

“నిన్నా సగం దారిలో మొండికేసింది బాబాయ్! అక్కడ పసిపిల్ల జ్వరంతో మూలుగుతుంటే, నేను పెట్టె మోసుకుంటూ నడిచా,” అంది నర్సమ్మ. “శుక్రవారానికి బాగవకపోతే తుక్కువాడికి ఇచ్చేస్తా. ఏమీ అనుకోకు.”

బాబాయి బానెట్టు ఎత్తాడు. ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు గొట్టాలు ఊదాడు. వైర్లన్నీ తడిమాడు. గురువారం మధ్యాహ్నానికి ముఖం పీక్కుపోయింది.

ఆయన భార్య, వీధికంతా పిన్ని, టీ గ్లాసుతో వచ్చి, బానెట్టు కిందికి తొంగిచూసింది. చదువు తక్కువైనా ప్రశ్నలకు కరువులేని మనిషి.

“ఈ డబ్బా ఏంటండీ?”

“కాయిలు. బ్యాటరీ కరెంటు పెంచి ప్లగ్గులకు నిప్పురవ్వ అందిస్తుంది. పోయిన నెలే కొత్తది వేశా.”

“లోపలేముంది?”

“తీగచుట్ట. అది వేడెక్కకుండా చుట్టూ నూనె. నీకెందుకే ఇవన్నీ?”

“మరి మూతి కిందికి పెట్టారేం? వంటింట్లో నూనె సీసా నేనిలా బోర్లిస్తే మీరు ఊరుకుంటారా?”

“ఇలా పెడితేనే పేరు తిన్నగా కనబ...”

పాత కాయిలు మూతి పైకే ఉండేది. కొత్తదాన్ని అలా పెడితే డబ్బామీది అక్షరాలు తలకిందులయ్యాయి. అది చూడలేక, పట్టీలోంచి తీసి బోర్లించి బిగించింది తన చేతులే. మూతి చుట్టూ వేలు పెట్టి చూశాడు. జిడ్డు! నూనె చుక్కచుక్కగా కారిపోయి, పైన తీగచుట్ట పొడిబారి కాగుతోంది; బాగా కాగాక నిప్పురవ్వ ఆగిపోతోంది.

“నెల రోజులు ఆ నర్సమ్మను నడిపించింది నేనేనే,” అంటూ నేలమీద కూలబడ్డాడు.

“అక్షరాల కోసం!” పిన్నికి నవ్వాగలేదు. ఆయన ముఖం చూసి మెత్తబడింది. “లేవండి. బీరువాలో ఇంకోటి ఉందిగా.”

ఉంది. అదే రకం, అవే తలకిందుల అక్షరాలు. మూతి పైకి పెట్టి, చూపు పక్కకు తిప్పుకుని పట్టీ బిగించాడు.

శుక్రవారం నర్సమ్మ పక్కన తనూ ఎక్కాడు. అరగంట దాటింది. ఎత్తు వచ్చింది. బాబాయి ఊపిరి బిగబట్టాడు. జీపు గుర్రుమంటూ ఎక్కేసి, చివరి ఇంటి గుమ్మం ముందు నిలబడింది.

“తప్పు జీపుది కాదమ్మా. నాదే,” అన్నాడు తలొంచుకుని.

“తెలుసు. పొద్దున్నే పిన్ని వచ్చి పూసగుచ్చినట్టు చెప్పి, నవ్వి నవ్వి పోయింది. తుక్కువాణ్ణి రావద్దన్నాలే బాబాయ్.”

పెట్టె తీసుకుని లోపలికి వెళ్లి, ఆమె మందులిచ్చి వచ్చేసరికి బానెట్టు ఎత్తి ఉంది. బాబాయి మెడ భుజంమీదికి వాల్చి, నడుం వంచి, దాదాపు తలకిందులుగా వేలాడుతున్నాడు.

“అయ్యో, మెడ పట్టేసిందా బాబాయ్?”

“లేదమ్మా. పేరు చదువుతున్నా.”