నర్సమ్మకు ఆడవాళ్ళ ఓటు

అప్పట్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు ఒక్కొక్కటే అనుమానం పుడుతోంది గానీ, ఇరవై రెండేళ్ళ వయసులో, అనంతపురంలో బి.ఏ. పూర్తి చేసి ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లో, లోకంలోని ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆ ప్రశ్నలు నన్నెవరూ అడిగేవారు కాదన్నది వేరే సంగతి. ఇంట్లో రెండు గుంత మగ్గాలు పొద్దున్నించి ఆడుతూనే ఉండేవి. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడక నాకు గొంతు పెంచి మాట్లాడడం అలవాటయింది. ఎనభైల మొదట్లో మునిసిపల్ ఎన్నికలు వచ్చి, ఆ గొంతుకు తగిన పని దొరికింది. (అప్పటికి నాకు ఎనిమిదో నెల నిండింది. నోటికి అదేమీ అడ్డం కాదు కదా.)

మా వార్డులో పోటీ ఇద్దరి మధ్య. ఒకరు వీధిలో సగం మగ్గాలకు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు. మెత్తటి మాట, తక్కెడ గుర్తు. రెండోవారు నర్సమ్మ. ఆస్పత్రి కాన్పుల వార్డులో పనిచేసి రిటైరై, వీధి చివర ఒంటరిగా ఉండేది. కొళాయికి నీళ్ళు ఎందుకు రావడం లేదని అడగడానికి మునిసిపల్ ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా "కౌన్సిలర్ వచ్చి అడిగితే చెప్తాం పోమ్మా" అన్నాడట. ఆమె అటునుంచటే పోయి నామినేషన్ వేసి వచ్చింది. ఆమెకు గొడుగు గుర్తు ఇచ్చారు. వానే పడని ఊళ్ళో గొడుగేమిటని షావుకారు మనుషులు నవ్వితే, "ఎండకు పట్టుకోరా, తిక్కోడా!" అని నడివీధిలో గద్దించింది. ఆ ఒక్క గద్దింపుతో నేను ఆమె మనిషినైపోయాను. ఆడవాళ్ళ ఓటు ఆడవాళ్ళకే పడాలి, అందులో ఆలోచించాల్సింది ఏముందని నా లెక్క. వార్డులో సగం మంది ఆడవాళ్ళం, కాబట్టి గెలుపు మన చేతిలోనే ఉందని మా ఆయనకు చెప్పాను. ఆయన మగ్గం ఆపకుండానే "అట్లనా?" అన్నారు. (మా ఆయన జీవితంలో ఎక్కువసార్లు వాడిన మాట అదే.)

ప్రచారం పక్కింటి నుంచే మొదలుపెట్టాను. పక్కింటి వదిన గుమ్మంలో కూర్చుని కండెలు చుడుతోంది. "ఆడదాని బాధ ఆడదానికే తెలుస్తుంది వదినా" అన్నాను, గొంతులో కొంచెం తడి కూడా తెచ్చుకుని. వదిన రాట్నం ఆపేసింది.

"తెలిసే కదమ్మా నా తొడ మీద చెళ్ళుమని పెరికినాది! మా పెద్దోడు పుట్టిన పొద్దు. 'మొగునితో నవ్వేటప్పుడు లేని ఏడుపు ఇప్పుడేల?' అనె. ఆ యమ్మకా నేను ఓటేసేది?"

సరే, ఈమెకేదో పాత కోపం అనుకుని ఎదురింటి పెద్దమ్మ దగ్గరికి పోయాను. "నన్ను కొట్టలేదులే, అబద్ధమేల?" అంది పెద్దమ్మ. "నేను 'అమ్మా' అని అరిస్తే, 'అయితే మీ యమ్మనే పిల్చుకో, నేను ఇంటికి పోతాండా' అని చెప్పులేసుకునె. షావుకారే మేలు పాపా. ఎప్పుడు పోయినా కూర్చోమ్మా అంటాడు." ఇంటింటికీ ఇదే కథ. ఒకామె తన జుట్టు పట్టుకుని గుంజిన సంగతి చెబితే, ఇంకొకామె తన మూడు కాన్పులకు తిన్న మూడు రకాల తిట్లు అప్పజెప్పింది. మా వీధుల్లో బిడ్డను కన్న ప్రతి ఆడదానికీ నర్సమ్మ నోరు గుర్తుంది. ఆడవాళ్ళకు ఆడదాని బాధ తెలుస్తుందన్న నా మాట వినగానే అందరికీ ఆ బాధే గుర్తొచ్చేది. నేను తిరిగినకొద్దీ తక్కెడకు ఓట్లు పెరుగుతున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

విచిత్రమేమిటంటే మగవాళ్ళంతా నర్సమ్మ పక్షం. వాళ్ళెవరూ కాన్పుల వార్డు తలుపు దాటి లోపలికి పోయినవాళ్ళు కాదు. వాళ్ళకు తెలిసిన నర్సమ్మ వేరు. ఆ తలుపు తెరుచుకుని, తెల్లటి గుడ్డలో బిడ్డను తెచ్చి, "అచ్చం నీ మాదిరే ఉండాడప్పా" అని నవ్వుతూ చేతిలో పెట్టిన మనిషి. (ఆ వార్డులో పుట్టిన బిడ్డలందరూ తండ్రి పోలికే. ఒక్కరు కూడా తప్పలేదు.) పగలంతా షావుకారు ఊరేగింపులో జెండా పట్టుకుని తిరిగేవాళ్ళు, పట్టు ఇచ్చే మనిషి కాబట్టి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక గొడుగు గుర్తువాళ్ళు. మా మామ కూడా అంతే.

"ఆ యమ్మది చల్లని చెయ్యి" అన్నాడు మామ ఒకరోజు అన్నం తింటూ. "మన పిల్లోన్ని నా చేతిలో పెట్టినప్పుడు ఎట్లా నవ్వినాది!"

మా అత్త గరిటె కింద పెట్టింది. "పెట్టినాది. ఎవరు కనిస్తే పెట్టినాదో అది చెప్పు. ఆ చల్లని చెయ్యి నా వీపు మీద పడినాది, నీకేం తెలుసు? ఆడదైతే నాకేమి, మగోడైతే నాకేమి? ఆ యమ్మకు మాత్రం నేను ఓటెయ్యను."

"ఈ యప్ప మాటలు విని నువ్వు ఎండలో తిరగద్దు మే" అని నాకు కూడా ఒక మాట పడేసింది.

ఇక లాభం లేదని నేరుగా నర్సమ్మ ఇంటికే పోయాను. నోరు కాస్త తగ్గించుకుంటే ఆడవాళ్ళ ఓట్లు కూడా పడతాయని, ఆడదానిగా ఆడవాళ్ళను అడగమని ఎంతో మర్యాదగా చెప్పాను. ఆమె నా మొహం చూడలేదు, పాదాలు చూసింది. "ఆడదాన్నని ఓటెయ్యమని నేను ఎవరినన్నా అడిగినానా? నీళ్ళు తెస్తా, ఇష్టముంటే ఎయ్యండి, లేకుంటే పొండి అన్నా. కాళ్ళు అట్లా వాచింటే ఉపన్యాసాలేమి నీకు? పో, పోయి పండుకో. ఊరగాయ ముట్టద్దు!" అవమానంతో ఇంటికొచ్చాను. అయినా ఊరగాయ మానేశాను.

తొలి కాన్పుకు పుట్టింటికి పోవడం ఆనవాయితీ. మాది బుక్కరాయసముద్రం. నాయన నన్ను తీసుకుపోవడానికి వస్తే, ఓటేసి వస్తానని వెనక్కి పంపాను. "ఓటు యాడికి పోతాది పాపా, నీ కాన్పు ముఖ్యమా, ఆ యమ్మ గొడుగు ముఖ్యమా?" అని నాయన బస్సెక్కేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఇంకా రెండు వారాలు గడువుందని నేను ధైర్యం చెప్పాను. కడుపులోని మనిషికి ఆ గడువు సంగతి ఎవరూ చెప్పలేదు.

పోలింగు రోజు బడిలో ఆడవాళ్ళ వరసలో నిలబడ్డప్పుడే నడుములో ఏదో పట్టేసినట్లయింది. పళ్ళు బిగబట్టి లోపలికి పోయి, గొడుగు మీద ముద్ర గుద్ది, కాగితం మడిచి పెట్టెలో వేశాను. అది నా మొదటి ఓటు. ఏదో సాధించినట్లు మెట్లు దిగుతూ, మూడో మెట్టు మీద కూలబడిపోయాను. ఎదురుగా పందిట్లో కూర్చున్న నర్సమ్మ లేచి పరుగున వచ్చింది. ఆమె మనిషొకడు వెంటపడ్డాడు. "అమ్మా, నువ్వు ఈడ లేకుంటే దొంగ ఓట్లు గుద్దేస్తారు!"

"గుద్దితే గుద్దనీరా. దానికి రేపు లెక్క చెప్తారు. ఇది రేపటిదాకా ఆగుతాదా?" అని వాణ్ణి తోసేసి, నా రెక్క పట్టుకుని, "ఓటేసినావా, ఇంకా లేదా?" అని అడిగింది. వేశానన్నాను. "మంచిది. ఇంగ నోరు తెరవద్దు" అంది.

నోరు తెరవకుండా ఎవరైనా బిడ్డను కన్నారా? జట్కాలో ఇంటికి చేర్చింది మొదలు నేను అరుస్తూనే ఉన్నాను, ఆమె నాకంటే గట్టిగా అరుస్తూనే ఉంది. బి.ఏ. చదివినదానివి ఊపిరి పీల్చడం రాదా అంది. వీధి వీధంతా తిరిగిన ఓపిక ఇప్పుడేమైందంది. మగ్గాలు ఆగిపోయాయి కాబట్టి ప్రతి మాటా గుమ్మంలో మూగిన ఆడవాళ్ళకు స్పష్టంగా వినిపించింది. పక్కింటి వదిన "నేను చెప్పలా?" అంటోంది బయట. ఆమె తొడ, పెద్దమ్మ చెప్పిన చెప్పులు, ఎవరో ఒకామె జుట్టు అన్నీ ఆ క్షణంలో నాకు అర్థమయ్యాయి. అప్పుడు నేను చుట్టుపక్కల నాలుగిళ్ళకు వినపడేలా కేక పెట్టానట: "నా ఓటు నాకిచ్చేయండి! తక్కెడకేసుకుంటా!"

నర్సమ్మ చెయ్యెత్తింది. నా తల దగ్గర కూర్చున్న మా అత్త ఆ చెయ్యి పట్టుకుంది. మా అత్త ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడగా నేను ఎరగను, మామతో తప్ప.

"యమ్మా, నన్ను కొట్టింది చాలు. ఈ బిడ్డ మీద చెయ్యి పడితే బాగుండదు."

నర్సమ్మ అత్తను ఎగాదిగా చూసింది. గుర్తుపట్టినట్లే ఉంది. "ఈ మాట ఆ పొద్దే అనింటే బాగుండు కదే" అంది. ఆ చెయ్యి మెల్లగా దిగి, నా నొసటి చెమట తుడిచింది. "గద్దించకుంటే సగం మంది ఊపిరి బిగబట్టి పండుకుంటారు. నాకు మాత్రం సంబరమా?" ఆ తర్వాత కూడా తిట్టింది గానీ, చెయ్యి మాత్రం ఎత్తలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ గుడ్డలో చుట్టి తలుపు తెరిచి, "అచ్చం నీ మాదిరే ఉండాదప్పా" అని మా ఆయన చేతిలో పెట్టింది. (ముక్కు నాది, నోరు నాది, అరుపు కూడా నాదే.) ఆయన "అట్లనా?" అని కళ్ళు తుడుచుకున్నారు.

నాకు కాస్త కునుకు పట్టబోతుంటే మా అత్త కొత్త చీర కట్టుకుని వచ్చింది. "యాడికత్తమ్మా?" అన్నాను. "ఓటుకు. మూసేస్తారంట" అని గబగబా పోయింది. ఎవరికి వేసిందో ఆమె ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.

నర్సమ్మ గెలిచింది, కొద్ది ఓట్ల తేడాతో. ఊరేగింపు మా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు ఆడవాళ్ళందరూ హారతులు పట్టుకుని ముందున్నారు. "మనం ఆడోళ్ళం ఆడదానికి ఏయకుంటే ఎవరేస్తారమ్మా?" అని పక్కింటి వదిన నాకే చెప్పింది, కన్ను కూడా ఆర్పకుండా. పెద్దమ్మ తలూపింది. మంచంలో ఉన్న నేను పసిబిడ్డ మీది గుడ్డ సర్దుకున్నాను. నా కేక వినని వాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు మరి. ఆ తర్వాత నర్సమ్మ నోరు మునిసిపల్ ఆఫీసు మీద పడింది. నీళ్ళ ఇంజనీరు తిట్లు తింటుంటే చూడాలని ఆడవాళ్ళు పని మానుకుని పోయేవాళ్ళు. ఆ ఎండాకాలం కొళాయికి నీళ్ళు వచ్చాయి, రోజూ కాకపోయినా.

ఇప్పటికీ ఓటు వేయడానికి పోయినప్పుడు ఆడపేరు కనిపిస్తే నా చెయ్యి కొంచెం అటే మొగ్గుతుంది. ఆ మొగ్గు తప్పని నేనెవరికీ చెప్పలేను, చాలని కూడా చెప్పలేను. ఒక్క క్షణం ఆగి, ఈమె ఏం చేసింది, ఎవరిని గద్దించగలదు అని ఆలోచిస్తాను. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటారు. ఆ ఒక్క క్షణం పాటు, వాచిన కాళ్ళతో మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటింటి తలుపూ తట్టిన ఆ పిల్ల, ఏ అనుమానమూ లేని ఆ పిల్ల గుర్తుకొస్తుంది. ఎంత గట్టిగా మాట్లాడేదో, పాపం. నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది.