మూడు వందల యాభై రూపాయల లాభం

ఈ ఏడాది మా అమ్మాయి కాలేజీ సీటు నిలబడింది కుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి రైల్లో, గుడుపల్లె దాటాక, బంగారుపేట రాకముందు. ఎలా నిలబడిందో చెప్పాలంటే ముందు నా తెలివితేటల గురించి చెప్పాలి. ఆ సంగతి మాట్లాడటం నాకు ఎప్పుడూ ఇష్టమే.

పుట్టింది పుంగనూరు, ఇల్లు కుప్పం, ఉద్యోగం బెంగళూరులో ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్లో. పదకొండేళ్లుగా రోజూ అదే రైలు, అదే పెట్టె. నాతోపాటు వచ్చేవాళ్లు గార్మెంట్ ఫ్యాక్టరీ ఆడవాళ్లు, గ్రానైటుకు పాలిష్ పట్టేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో వంటలు చేసేవాళ్లు. వీళ్లకు డబ్బు గురించి ఏమీ తెలియదని మొదటి వారమే తేల్చేశాను. అడిగినవాళ్లు లేకపోయినా నేర్పడం మొదలుపెట్టాను.

జీతం రాగానే ముందు దాచుకోండి, మిగిలింది ఖర్చు పెట్టుకోండి అనేవాణ్ని. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ చేతికందేలా విడిగా ఉండాలి, దాన్ని చచ్చినా కదపకూడదు. నిరుడు దేనికి ధర వచ్చిందో ఈ ఏడు దాని వెంట పరుగెత్తకూడదు. అన్నిటికంటే ముఖ్యం, డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. వాళ్లు చిత్రాన్నం తింటూ తలలూపేవాళ్లు. అర్థమైందనే అనుకునేవాణ్ని.

మా పెట్టెలో ఒక చీటీ నడుస్తుంది. ఇరవై మంది, నెలకు తలా రెండు వేలు. నడిపేది ఒక దర్జీ పెద్దాయన, బెంగళూరులో ఒక బట్టల షాపులో ప్యాంట్లు పొట్టి చేసే పని ఆయనది. అందరూ భాయ్ అంటారు. నెలనెలా పోగయ్యే నలభై వేలకు పాట పెడతారు. ఎవరు ఎక్కువ వదులుకుని తీసుకుంటామంటే వాళ్లకే ఆ నెల డబ్బు. వాళ్లు వదులుకున్నది ఇరవై మందికీ సమానంగా పంచుతారు. తక్కువలో తక్కువ వెయ్యి వదులుకోవాలి. ఒకసారి తీసుకున్నవాళ్లకు మళ్లీ పాట లేదు. బంగారుపేటలో ఎక్కే జనంతో ఊపిరి తీసుకోవడానికే చోటుండదు కాబట్టి పాట ఆలోపల ముగియాలి. ఇలాంటి వాటి మీద నాకు సదభిప్రాయం లేదు. అయినా వీళ్ల పద్ధతి లోపల్నించి చూద్దామని చేరాను.

చేరిన నాలుగో నెల పాటలో, రామకుప్పం వైపు నుంచి వచ్చే ఒకామె మొదట నోరు విప్పింది. ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుడుతుంది.

"ఈ నెల నాకు అవసరం ఉండాది భాయ్. ఏనుగులొచ్చి సేన్లో పైపులన్నీ తొక్కేసినాయి. మళ్లా నాటుకోవాల. వెయ్యి."

పెట్టెలో ఎవరూ పాట పెంచలేదు. అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. నాకు వాళ్లమీద జాలేసింది. ఆమె వెయ్యికే పట్టుకుపోతే తలకు యాభై రూపాయలు దక్కుతాయి. పాట పెంచితే అందరికీ లాభం కదా! నాకు ఆ డబ్బుతో పని లేదు. అయినా రెండు వేలన్నాను.

ఆమె నా వైపు ఒకసారి చూసి, రెండున్నర అంది. నేను మూడన్నాను. అలా ఏడున్నర దాకా లాక్కెళ్లాను. ఆమె ఎనిమిదంది. అక్కడ ఆపేశాను, ఇంకా పోతే నా మెడకే చుట్టుకుంటుందని. ఆమె ముప్పై రెండు వేలు తీసుకుంది. యాభై రావలసిన చోట తలా నాలుగు వందలు వచ్చాయి. మూడు వందల యాభై అదనంగా ఇప్పించినందుకు ఒక్కరూ నన్ను మెచ్చుకోలేదు. పైగా నేనే ఆమెకు నచ్చజెప్పాను, "చూడమ్మా, ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచుకుని ఉంటే ఈ నష్టం ఉండేదా?" అని. ఆమె తలూపింది. ఆ నాలుగు వందలూ సాయంత్రం ఫోన్లోనే ఫండులో వేసేశాను.

ఇక నా ఆరు నెలల డబ్బు సంగతి. నిరుడు మదనపల్లె మార్కెట్లో టమోటా ధర చుక్కలనంటింది. పుంగనూరు దగ్గర మా బావమరిది ఆ కాపుతో కొత్త ట్రాక్టరు దించాడు. బ్యాంకులో ఊరికే పడి ఉన్న నా డబ్బు నాకు చేతగానిదిలా కనపడసాగింది. ఈ ఏడు పంటకు అతనితో కలిసి అంతా పెట్టేశాను. మేమిద్దరమే అనుకున్నాం. చూడబోతే చుట్టుపక్కల అందరూ టమోటానే పెట్టారు. కోత మొదలయ్యేసరికి కూలీలకూ లారీ బాడుగకూ సరిపోయే ధర కూడా లేదు.

"కోస్తే ఇంకా నష్టమంట బావా, ఇడిసిపెట్టేద్దామా?" అని ఫోన్ చేశాడు. వదిలేశాం.

సరిగ్గా అప్పుడే అమ్మాయికి కాలేజీలో సీటొచ్చింది. శనివారంలోపల ముప్పై ఎనిమిది వేలు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మిగిలిన నా డబ్బంతా పన్ను తగ్గుతుందని మూడేళ్లు కదలకుండా పెట్టిన ఫండులో ఉంది.

"ఆరు నెలల దుడ్డు, ఆరు నెలల దుడ్డు అంటాంటిరి కదా, యాడుండాది?" అని అడిగింది నా భార్య. చేన్లో కుళ్లుతోందని చెప్పలేక స్నానానికి పోయాను.

పాట గురువారం వచ్చింది. వదులుకోక తప్పదని ఎంతకైనా సిద్ధపడే రైలెక్కాను. గుడుపల్లె దాటింది. పాట పెరిగితే ఫీజుకు తగ్గే డబ్బు ఎవరినడగాలా అని లెక్కలు వేసుకుంటున్నాను.

"నాకు అవసరం ఉంది భాయ్. అమ్మాయి ఫీజు. వెయ్యి."

అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. ఇంకా నాలుగైదు మంది పాడవలసినవాళ్లున్నారు. ఒక్కరూ పలకలేదు. భాయ్ మూడుసార్లు అడిగి, ముప్పై తొమ్మిది వేలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఎవరూ పాడలేదేం భాయ్?" అన్నాను.

"అవసరమని సెప్పినారు కదప్పా. అవసరమన్నోళ్ల మీద ఈడ ఎవురూ పాడరు."

"మరి ఆ రోజు నేను..."

"మీకు తెలీదు కదా. అందుకే అందరం ఎవురికొచ్చిన మూడు వందల యాభై వాళ్లు ఆయమ్మకి ఎనక్కి ఇచ్చేస్తిమి. మీరూ ఇచ్చినారంట కదా, ఆయమ్మే సెప్పె. లేకుంటే ఈ పొద్దు ఊరుకుందురా?"

నేను ఇవ్వలేదు. ఇవ్వాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఇచ్చేవాణ్నో లేదో, మొహమాటం పనికిరాదని నేనే కదా పాఠం చెప్పింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె తలుపు పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా మూత పెడుతోంది. దగ్గరికి పోయి ఐదు వందల నోటు చాపాను. "ఆ రోజుది" అన్నాను. ఆమె నోటు తీసుకుని, పర్సులోంచి నూట యాభై ఏరి నా చేతిలో పెట్టింది.

"ఆ పొద్దు మిమ్మల్ని సీటీలోంచి తీసేయాలనిరి సార్. పిల్లలుండే మనిషి, ఎప్పుడేం అవసరమొస్తాదో అని, మీరూ ఇచ్చేసినారని సెప్పేస్తిని. అప్పుట్నించీ భాయ్ ముకం సూసినప్పుడల్లా అబద్దం సెప్తినే అని ఒగటే బాధ. పోనీలెండి, ఇప్పుడు నిజమైపాయ."

బంగారుపేట వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె కొంచెం పక్కకు జరిగి, కూర్చోండి సార్ అంది.